బస్సు వెళ్ళని దారులూ, నా మిగతా ఆస్తీ

నాకు అరవై నాలుగేళ్ళు. బస్సు డిపోలో టైమ్ టేబుళ్ళు రాసే సెక్షన్‌లో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. ఎవరి బలవంతమూ, ఎవరి నూరిపోతా లేకుండా, నా ఇష్టపూర్తిగా, నా చేతిరాతతో ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు వేరే వీలునామా ఏదీ రాయలేదు.

ఇది రాసేనాటికి నాకు మతి స్థిమితంగా ఉంది. ఈ ముక్క ప్రతి వీలునామాలోనూ ఉంటుంది. చదివేవాళ్ళు దాన్ని దాటేసి గబగబా ఆస్తి దగ్గరికి వెళ్ళిపోతారు. నా విషయంలో అలా దాటెయ్యడానికి వీల్లేదు. ఆరేళ్ళ కిందట నాకు మతి చలించిందని నా తోడబుట్టిన అన్నయ్యే పోలీసులకు రాసిచ్చాడు. అందుకని మనసు డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టును దీనికి జతచేశాను. ఆ డాక్టరు, "ఎక్కడికి బయల్దేరారమ్మా?" అని అడిగాడు. తెలీదన్నాను. "మరెందుకు బయల్దేరారు?" అన్నాడు. తెలీదు కాబట్టే అన్నాను. ఆయన కలం మూతపెట్టి, కుర్చీ ముందుకు లాక్కుని, "ఇంతకీ ఏమేం చూశారు?" అన్నాడు. బయట కూర్చున్న రోగులు గంటసేపు తలుపు వంక గుర్రుగా చూస్తూనే ఉన్నారు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, నా గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదని గుండె డాక్టరు చెప్పాడు. పెద్ద బండి నడపడం మానెయ్యమన్నాడు. ఆలోచిస్తానన్నాను. ఆలోచించాను. వచ్చే సోమవారం బయల్దేరుతున్నాను.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా మేనకోడలిది, అంటే మా అన్నయ్య ఒక్కగానొక్క కూతురిది. లిఫ్టులు బాగుచెయ్యడం దాని వృత్తి. పదో అంతస్తుకీ పదకొండో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్నవాళ్ళతో గోడ ఇవతల నుంచి మాట్లాడి ధైర్యం చెప్పే పిల్ల. నా వెనకాల మిగిలే తగువులు దానికో లెక్క కాదు.

2. దర్జీ దుకాణం పైనున్న నా రెండు గదులు, అందులోని మంచం, బీరువా, గోడ గడియారం సహా, నా తదనంతరం మేనకోడలు సర్వహక్కులతో అనుభవించవలెను. లిఫ్టులతో బతికే మనిషికి నిలువు మెట్లున్న ఇల్లు రాస్తున్నందుకు అది నన్ను తిట్టుకుంటుంది. తిట్టుకోనీ.

3. నా మోటారు సైకిలు, దాని కాగితాలు, రెండు తాళంచెవులు కూడా మేనకోడలికే. ఒకటే షరతు: నా జ్ఞాపకమని చెప్పి దానికి గుడ్డ కప్పి మూల నిలబెట్టకూడదు. నడపడం ఇష్టం లేకపోతే నడిపేవాళ్ళకు ఇచ్చెయ్యవలెను.

ఈ బండి నా చేతికి ఎలా వచ్చిందో మేనకోడలికి తెలుసు, మిగతావాళ్ళకు తెలియదు. రిటైరవడానికి ఏడాది ముందు మా డిపో మెకానిక్ తన పాత బండి అమ్ముతానంటే నేనే కొన్నాను. బస్సులన్నీ రూట్లకు వెళ్ళిపోయి డిపో ఖాళీగా ఉండే ఆదివారం మధ్యాహ్నాల్లో అతనే నేర్పాడు. "మేడంగారూ, హ్యాండిల్‌ని అలా పీక పిసికినట్టు పట్టుకోకండి, అదేం పారిపోదు," అనేవాడు. యాభై ఎనిమిదో ఏట రెండు మోకాళ్ళూ చెక్కుకుపోయాయి. మా డిపోలో అందరూ నన్ను నిమిషాలమ్మ అని పిలిచేవారు. అయిదూ నలభైకి బయల్దేరే బస్సు ఏ ఊళ్ళో ఎన్ని నిమిషాలు ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ ఊళ్ళలో ఒక్కటీ కళ్ళతో చూడలేదు. రూట్ల జాబితాలో లేని ఊళ్ళైతే, అసలున్నాయో లేవో కూడా తెలీదు. ఆ తెలీకపోవడమే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

రిటైరైన నాలుగో రోజున అన్నయ్యకు ఒక చీటీ రాసి ఆయన తలుపు సందులో పెట్టాను: "బండి మీద వెళ్తున్నాను. ఎటు వెళ్తున్నానో నాకే తెలీదు. కంగారుపడకు." ఈ చీటీలోని రెండో వాక్యాన్నే ఆయన తర్వాత పోలీసులకు రుజువుగా చూపించాడు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మ్యాపు పట్టుకెళ్ళలేదు. మా బస్సు బోర్డు కనబడిన ప్రతి మలుపులోనూ రెండో వైపు తిరిగాను. మూడో రోజుకల్లా నాకు పేరు కూడా తెలియని ఊళ్ళు వచ్చాయి. ఆ సంతోషం ఎలాంటిదో రాయడం నాకు చేతకాదు. హెల్మెట్ లోపల ఒక్కదాన్నే పైకి నవ్వాను, అంత మాత్రం గుర్తుంది.

4. నా బైనాక్యులర్లను రోడ్డు రోలరు డ్రైవరుకు ఇవ్వవలెను. చిరునామా నా డైరీ చివరి పేజీలో ఉంది.

తొమ్మిదో రోజున నేను వెళ్తున్న తారురోడ్డు కత్తిరించినట్టు ఆగిపోయింది. ముందు ఒక గుట్ట. రోడ్డు చివర రోలరు, రోలరు నీడలో మడత కుర్చీ, కుర్చీలో డ్రైవరు. నన్ను చూడగానే లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "మీరేనా అమ్మా కొత్త ఇంజనీరు?" కాదంటే అతని మొహం వాడిపోయింది. పని ఆగిపోయి నాలుగేళ్ళయిందట. రోలరును ఎవరూ ఎత్తుకుపోకుండా చూడమని ఇతన్ని అక్కడే ఉంచేశారు. దాని చక్రం సందులో పిచ్చుకలు గూడు కట్టుకుంటే, మళ్ళీ స్టార్ట్ చెయ్యమంటారేమోనని రోజూ భయపడుతున్నాడు.

"గుట్ట అవతల ఏముంది?" అని అడిగాను. "నాకూ తెలీదమ్మా. రోడ్డు పడ్డాక చూద్దామనుకున్నా," అన్నాడు. అతనికి రోలరును వదిలి వెళ్ళే వీల్లేదు. ఆ రాత్రి అతని గుడారంలో వంట సామాను పక్కన పడుకుని, పొద్దున్నే బండిబాట పట్టుకుని గుట్ట ఎక్కి దిగాను. చూసి, అతనికి చెప్పడానికి పదకొండు కిలోమీటర్లు వెనక్కి వచ్చాను. "ఒక వాగు. దాని మీద తాళ్ళ వంతెన. అవతల ఇటుకల బట్టీ, బట్టీ దగ్గర ఒక తెల్ల గుర్రం. దానికి ఒక కాలు కుంటి." అతను ఒక్కొక్కటే మళ్ళీ అడిగి చెప్పించుకున్నాడు. వాగులో నీళ్ళెంత, వంతెన మీద రోలరు పోతుందా, గుర్రానిది ముందు కాలా వెనక కాలా అని. వెనక కాలని చెప్పాక కుదుటపడ్డాడు.

రెండేళ్ళ కిందట అతని దగ్గరి నుంచి కార్డు వచ్చింది. రోడ్డు పూర్తయింది, మొదట రోలరే వెళ్ళింది. "గుర్రం లేదమ్మా. మిగతావన్నీ మీరు చెప్పినట్టే ఉన్నాయి."

5. మా అమ్మ చేతి కుట్టుమిషన్ను పరుపులు కుట్టే ఆవిడకు ఇవ్వవలెను. దాని మీద నాకు జన్మలో ఒక్క కుట్టూ తిన్నగా రాలేదు.

ఇరవై రెండో రోజున కంకర మీద బండి జారి, భుజం ఎముక విరిగింది. నేను పడింది ఆవిడ దుకాణం ఎదురుగానే. ఊళ్ళో ఎముకలు కట్టే ముసలాయన కట్టు కట్టి, నెలరోజులు కదలొద్దన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషిని ఆవిడ దూది బేళ్ళ మధ్య పడుకోబెట్టి ముప్పై ఒక్క రోజులు తిండి పెట్టింది. దూది ఏకుతూ, నోరు మూయకుండా మాట్లాడుతూ, నా జుట్టు దువ్వుతూ. "ఇల్లూ వాకిలీ లేనిదానివా, ఉండి పారిపోయొచ్చినదానివా? నిజం చెప్పు, నేనెవరికీ చెప్పను," అంది. ఉండి వచ్చినదాన్నే అన్నాను. "అయితే మీవాళ్ళకి ఫోన్ చెయ్యి."

చెయ్యలేదు. అప్పటిదాకా రెండు మూడు రోజులకోసారి మేనకోడలికి ఫోన్ చేసేదాన్ని. దెబ్బ సంగతి తెలిస్తే కారేసుకుని వచ్చి నన్ను తీసుకుపోతారు, నా ప్రయాణం అక్కడితో సరి. ఇంకా చూడనిది అంత ఉండగా ఎలా వెళ్ళను? ఈ లెక్కే వేసుకున్నాను. ఇది తప్పు. వీలునామాలో అబద్ధం రాయకూడదు కాబట్టి రాస్తున్నాను.

కట్టు విప్పిన రోజున బండి తాళంచెవి కోసం వెతికితే కనబడలేదు. ఆవిడ దూది ఏకుతూనే, "పరుపులో పెట్టి కుట్టేశాను. ఇవాళ ఏడు పరుపులు కుట్టాను. ఫోన్ చేస్తే ఏ పరుపో చెప్తా," అంది. బతిమాలాను, కోప్పడ్డాను. "నీ సరదా నీది. అక్కడ వాళ్ళకి ముద్ద దిగొద్దా?" అంది. ఫోన్ చేశాను. మేనకోడలు నా గొంతు వినగానే, "అత్తా, నువ్వు బతికే ఉన్నావా?" అని, ఆ తర్వాత ఇక్కడ రాయకూడని మాటలు అంది. తాళంచెవి నాలుగో పరుపులో ఉంది.

ఆ తర్వాత కూడా తిన్నగా ఇంటికి రాలేదు. పది రోజులు పట్టింది. దారిలో ఎన్ని మలుపులున్నాయో ఎవరికైనా చెబితే అర్థమవుతుందా?

6. ముప్పై మూడేళ్ళ టైమ్ టేబుళ్ళ కట్టలు మా అన్నయ్యవి. లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాడు. నాకంటే ఏడేళ్ళు పెద్ద.

అరవై మూడో రోజున నేను ఇల్లు చేరేసరికి తెరిచిన తలుపుకు కొత్త తాళం వేలాడుతోంది, పాతదాన్ని ఆయనే పగలగొట్టించాడు. లోపల నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "వచ్చావా," అన్నాడు. అంతే. మర్నాడు మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. బీరువా పైన ఉండాల్సిన నా టైమ్ టేబుళ్ళ కట్టలు లేవు. పాత కాగితాలవాడికి వేసేశాడనుకున్నాను. అడగలేదు. నా జీవితమంతా తూకానికి వేసిన మనిషితో మాటలేమిటనుకుని రెండేళ్ళ రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఆయన కూడా మా వీధి ఛాయలకు రాలేదు.

ఒక మధ్యాహ్నం రెండు గోనెసంచులు ఒక్కో మెట్టూ ఈడ్చుకుంటూ పైకి వచ్చాడు. నా కట్టలే. విప్పి చూపించాడు. ఒక్కో రూటు పక్కన ఎర్ర పెన్సిలుతో ఆయన గుండ్రటి అక్షరాలు: "ఎక్కాను. చివరిదాకా. లేదు." తర్వాతి దాని పక్కన: "ఎక్కాను. లేదు." నా జాడ తెలియని ఆ నెలలో పందొమ్మిది రోజులు, అరిగిపోయిన ఆ మోకాళ్ళతో, నా ఫోటో చేత్తో పట్టుకుని మా డిపో బస్సులన్నీ ఎక్కాడు. నేను నా చేత్తో రాసిన దారుల్లోనే ఎక్కడో ఉంటానని లెక్కవేశాడు. నేనేమో బస్సు వెళ్ళే దారి కనబడితే చాలు, మొహం తిప్పుకున్నాను.

ఆయనే అన్నాడు: "నూట పద్నాలుగో నంబరు బస్సు కొండ మలుపు దగ్గర ఆరు నిమిషాలు ఎందుకు ఆగుతుందో నీకు తెలుసా?"

తెలీదు. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆ ఆరు నిమిషాలు ఉన్నాయి. అక్కడ ఊరూ లేదు, షెల్టరూ లేదు. ఒకసారి రెండు నిమిషాలకు తగ్గిస్తే గోలగోలగా ఉత్తరాలు వచ్చాయి, మళ్ళీ ఆరు చేశాను. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ముప్పై మూడేళ్ళు ఆ అంకె రాస్తూనే, ఎందుకా అని అనుకుంటూనే ఉన్నాను.

"కింద లోయలో పదిహేను ఇళ్ళున్నాయే. హారన్ వినబడ్డాక మెట్లెక్కి పైకి రావడానికి ఆరు నిమిషాలు పడుతుంది. నేను దిగి, ఎక్కి చూశాను. నాకు పదకొండు పట్టింది. డ్రైవరు ఆగాడు."

ఆ సాయంత్రం దాకా నేను అడుగుతూనే ఉన్నాను, ఆయన చెబుతూనే ఉన్నాడు. మెట్లు రాతివా మట్టివా, ఎవరెవరు ఎక్కారు, చేతుల్లో ఏమున్నాయి. తర్వాత ఆయన, "సరే, నువ్వేం చూశావో చెప్పు," అన్నాడు.

కాబట్టి సదరు కట్టలు, ఆ ఎర్ర పెన్సిలు రాతలతో సహా, ఆయనవే. ఇందుమూలంగా అన్నయ్యకు క్షమాపణ కూడా చెప్పుకుంటున్నాను. ఎదురుగా చెప్పను. చెబితే పాఠం మొదలుపెడతాడు.

7. డిపో మెకానిక్‌కూ, కింద దుకాణం దర్జీకీ నేను ఏమీ రాయలేదు. సాక్షి సంతకం చేసేవాళ్ళకు ఆస్తి రాయకూడదట. వాళ్ళ మీద నాకు ఏ కోపమూ లేదని చదివేవాళ్ళు గమనించవలెను.

8. ఈ ప్రయాణంలో దారిలోనే నా ప్రాణం పోతే, నా శరీరాన్ని ఇంటికి తేవలసిన పని లేదు. అక్కడివాళ్ళు తమవాళ్ళకు ఏం చేసుకుంటారో నాకూ అదే చెయ్యవచ్చు. అదేమిటో ముందుగా తెలుసుకునే వీలు లేదే అన్నదొక్కటే నా బాధ.

9. ఈ తొమ్మిదో అంశంలో మొదట "నా కబురు అందకపోతే ఎవరూ నన్ను వెతకరాదు" అని రాశాను. ఆ వాక్యాన్ని ఇప్పుడు కొట్టేశాను. కొట్టివేత పక్కన నేనూ, సాక్షులిద్దరూ పొట్టి సంతకాలు చేశాం. దాని స్థానంలో ఇలా చదువుకోవలెను: వెతకండి. తొందరేమీ లేదు. దారిలో ఏమేం ఉన్నాయో చూసుకుంటూ రండి.

తేదీ: ఈ నెల పదిహేడు, గురువారం, ఉదయం పదీ నలభై.

(సంతకం)
డిపోలో నిమిషాలమ్మ అని పిలిపించుకున్నదీ, అన్నయ్యకు చెల్లెలూ, మేనకోడలికి అత్తా అయినదీ

మా ఎదుటే, తను చదివి వినిపించి, నవ్వుతూ సంతకం చేసినది:
సాక్షి 1. కింద దుకాణం దర్జీ
సాక్షి 2. డిపో మెకానిక్ (బ్రేకులు చూశాను, బాగానే ఉన్నాయి)