నలభై నిమిషాల మచ్చ

ఫిబ్రవరి 3

ద్రోహం జరిగింది. చేసినవాడు డిపో మేనేజర్. సాక్షులు ముగ్గురు, నాతో కలిపి.

విశ్రాంతి గదిలో టీవీ చచ్చిపోయి పదకొండు రోజులైంది. డ్రైవర్లూ కండక్టర్లూ ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య నడుం వాల్చేది ఆ గదిలోనే. పైగా అది ఉత్త టీవీ కాదు. డ్యూటీ చార్ట్ వచ్చేది దాని మీదే. ఏ బస్సు, ఏ రూటు, ఎవరి పేరు, మొదటి ట్రిప్పు ఎన్నింటికి బయల్దేరాలి, మధ్యలో విశ్రాంతి ఎంత, అన్నీ. మొదటి బస్సు నుంచి చివరి బస్సు దాకా అలా నిలబడే ఉంటుంది. చార్ట్‌ని కాగితం మీద రాసి గోడకి అంటించడం మానేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు టీవీ లేదు కాబట్టి చార్ట్ గుమాస్తా కిటికీలోంచి కేకలేసి చదువుతున్నాడు, సంతలో వేలం పాటలాగా.

కొత్త టీవీ సంగతి అడగడానికి ఇవాళ మేనేజర్ గదికి వెళ్లాం. ఆయన గోడ మీద ఓఎల్ఈడీ టీవీ ఉంది. ఇంత పెద్దది, ఇంత సన్నది. సంక్షేమ నిధి నుంచి ఒక టీవీ, రెండు కొత్త మంచాలు మంజూరయ్యాయని చెప్పాడు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, వాళ్లకి ఎల్‌సీడీ చాలులే అని రాయించాడు. మేం ఎదురుగా నిలబడే ఉన్నాం.

చాలట! ఎవరికి ఏది చాలో తేల్చడానికి నువ్వెవడివి?

నోరు తెరవబోయాను. మామయ్య నా కాలు తొక్కాడు. బూటు కాలితో.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. ఇరవై ఆరేళ్లుగా ఈ డిపోలో డ్రైవరు. నన్ను వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేర్పించింది ఆయనే, తిండి పెట్టేదీ ఆయనే. అందుకే ఊరుకున్నాను. ఈ ఒక్కసారికే.

ఫిబ్రవరి 5, సాయంత్రం

షాపుకి వెళ్లాం. నేను, మామయ్య, కండక్టరక్క. ఆవిడ డిపో అంతటికీ అక్కే, మేనేజర్‌కి కూడా.

రెండు టీవీలూ పక్కపక్కనే ఉన్నాయి. రెండింట్లో ఒకటే బొమ్మ, చీకటి గదిలో వెలుగుతున్న దీపం. ఎల్‌సీడీలో చీకటి బూడిద రంగులో ఉంది. ఓఎల్ఈడీలో చీకటి అంటే చీకటే. ఎందుకలా అని సేల్స్‌మన్‌ని అడిగాను. ఎల్‌సీడీలో వెనకాల లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది సార్, ముందున్న చుక్కలు దానికి అడ్డంపడి బొమ్మ కడతాయి, ఎంత అడ్డంపడ్డా కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది అన్నాడు. ఓఎల్ఈడీలో అలా కాదట. ప్రతి చుక్కా తన వెలుగు తనే వెలిగించుకుంటుందట, ఆరాలనుకుంటే తనే ఆరుతుందట.

ఒళ్లు ఝల్లుమంది. నేను జేబులో పెట్టుకుని తిరిగే కార్మిక కరపత్రాల్లో రెండోదాంట్లో రాసింది ఇదే కదా! వెనక నుంచి ఒకడు వెలుగిస్తే ముందున్నవాళ్లు అడ్డంగా నిలబడి బతకడం కాదు, ఎవరి వెలుగు వాళ్లదయ్యే రోజు రావాలి అని. ఆ మాట షాపులోనే గట్టిగా అన్నాను. జనం తిరిగి చూశారు. అక్క మొహం పక్కకి తిప్పుకుని నవ్వింది. మామయ్య ధర కాగితం చూసి, ఒరేయ్ అల్లుడూ, ఇది వెలుగు కాదురా, నిప్పు అన్నాడు.

అప్పుడు ఆ సేల్స్‌మన్ అడగనవసరం లేని ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఎక్కడ పెడతారు, కిటికీలున్నాయా, ఏం చూస్తారు. అక్క ఉన్నదున్నట్టు చెప్పేసింది. మూడు వైపులా కిటికీలు, పరదాల్లేవు, రోజంతా చార్ట్, సందు దొరికితే సీరియల్. అయితే ఎల్‌సీడీ తీసుకోండి అన్నాడు వాడు. వెలుతురు గదిలో ఓఎల్ఈడీ అద్దంలా మెరుస్తుందట. రోజంతా ఒకే బొమ్మ నిలబెడితే అది తెరలో మచ్చై కూర్చుంటుందట. ఎక్కువ పని చేసిన చుక్క ముందు అలిసిపోతుంది సార్ అన్నాడు.

మామయ్య తల ఊపాడు. వాడి మాట మీద ఆయనకి గురి కుదిరింది. నాకు కుదరలేదు.

ఫిబ్రవరి 6

ఖరీదైన సరుకు వద్దని చెప్పే సేల్స్‌మన్ లోకంలో ఉంటాడా? ఇందులో మేనేజర్ చెయ్యి ఉంది.

ఫిబ్రవరి 11

గెలిచాం.

మధ్యాహ్నం రెండింటికి, షిఫ్ట్ మారే వేళ, విశ్రాంతి గదిలో మీటింగ్ పెట్టించాను. బెంచీ ఎక్కి మాట్లాడాను. మేనేజర్ గదిలో నలుపు నల్లగా ఉండాలి, మన గదిలో నలుపు బూడిదలా ఉండాలా అని అడిగాను. నలుపు కూడా వాళ్లకొక రకం మనకొక రకమా అని అడిగాను. చప్పట్లు పడ్డాయి.

చిక్కు ఏమిటంటే, ఓఎల్ఈడీ కొంటే మంచాలకి మిగలదు. ఆ సంగతి చివర్లో చెప్పాను. చప్పట్లు ఆగాయి. మంచం లేకపోతే నీ నల్లరంగు మీద పడుకోమంటావా అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఒకటే నవ్వులు. నాకు తిక్క రేగింది. మంచం అడిగితే మంచమే ఇస్తారు, మర్యాద అడిగితే అన్నీ ఇవ్వాల్సి వస్తుంది అని అరిచాను. ఇది ఏ కరపత్రంలోనూ లేదు. నా సొంతం.

చేతులెత్తమంటే పందొమ్మిది మంది అటు, పద్నాలుగు మంది ఇటు. మామయ్య చెయ్యి ఎటూ లేవలేదు. నడుం పట్టుకుని కూర్చున్నాడు.

మేనేజర్ మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. కుర్రాళ్లు పట్టుబడితే కాదంటామా అన్నాడు. ఆ నవ్వేమిటో నాకు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 22

వచ్చింది. బిగించారు. పగలు ఏమీ కనబడటం లేదు. మూడు కిటికీలు, ఒక తలుపు, మా మొహాలు కనబడుతున్నాయి. చార్ట్ చదవాలంటే చేతులు గొడుగులా పట్టి దగ్గరికి వెళ్లాలి. గుమాస్తా వచ్చి చూసి, వెలుగు ఆఖరి దాకా పెంచి పోయాడు.

మార్చి 9

ఇక జుట్టు దువ్వుకోవడానికి అద్దం వెతుక్కోనక్కర్లేదు అంది అక్క. విననట్టు నటించాను.

ఏప్రిల్ 14

మామయ్య విశ్రాంతి వేళ చెక్క బెంచీ మీద పడుకుంటున్నాడు. బెంచీ పొట్టి, ఆయన పొడుగు. కాళ్లు బయటికి వేలాడుతుంటాయి. పాత మంచాలు రెండూ ఫిబ్రవరిలోనే విరగ్గొట్టి పారేశారు, కొత్తవి వస్తాయని.

ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండును.

జూన్ 17

సేల్స్‌మన్ చెప్పింది నిజమైంది. రాయడానికి చెయ్యి రావడం లేదు.

వాన మబ్బు పట్టి గది చీకటిగా ఉంది. సందు చూసి అక్క సీరియల్ పెట్టింది. హీరోయిన్ ఏడుస్తోంది. ఆమె నుదుటి మీద ఏడో నంబరు బస్సు. బుగ్గ మీద బయల్దేరు సమయం. చీర నిండా గళ్లు, చార్ట్ గళ్లు. పాపం ఆవిడకి డ్యూటీ వేశారు, అందుకే ఏడుస్తోంది అంది అక్క. గది గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

సాయంత్రానికి నాకు పేరు పడిపోయింది. ఓఎల్ఈడీ. ఓఎల్ఈడీ, పానా ఇటివ్వు. ఓఎల్ఈడీ, టీ తాగుతావా.

కంపెనీకి ఉత్తరం రాశాను. శ్రామికుల డబ్బుతో కొన్న తెర నాలుగు నెలల్లో పాడైతే ఎవరిది బాధ్యత అని. మూడు పేజీలు.

జూలై 8

రెండో ఉత్తరం. జవాబు లేదు.

ఆగస్టు 2

ఆరోది.

ఆగస్టు 17

మామయ్యకి మెమో ఇచ్చారు.

నిన్న జరిగింది ఇది. మామయ్య మొదటి ట్రిప్పు దిగి, ఎప్పట్లాగే చార్ట్‌లో తన పేరూ బస్సు నంబరూ చూసుకుని, బెంచీ మీద నడుం వాల్చాడు. నలభై నిమిషాల విశ్రాంతి. ఇరవై ఆరేళ్లుగా నలభయ్యే. లేచి వెళ్లేసరికి బస్సు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. అరగంట లేటు అన్నాడు. చార్ట్‌లో విశ్రాంతి పది నిమిషాలేనట.

పరిగెత్తి చూశాం. నిజమే. నలభై ఉండాల్సిన చోట పది ఉంది. పదకొండు రూట్లకీ.

ఎప్పుడు మార్చారు సార్ అని అక్క అడిగింది. మార్చడమేమిటి, ఎప్పుడూ పదే, మీరు బద్ధకంతో నలభై చేసుకున్నారు అన్నాడు ఆయన. కన్నార్పకుండా అన్నాడు. మార్చానంటే పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కదా, అది ఇవ్వలేదు. అందుకని అసలు మార్చనే లేదట!

పాత చార్ట్ చూపించమని గుమాస్తాని పట్టుకున్నాను. నీళ్లు నమిలాడు. రోజూ అదే ఫైల్ తెరిచి, పేర్లు మార్చి, దాని మీదే సేవ్ చేస్తాడట. నాలుగేళ్లుగా ఒకటే ఫైల్. నిన్నటి చార్ట్ కూడా లేదు. ఇంత పెద్ద డిపోలో నలభై అని రాసి ఉన్న కాగితం ముక్క ఒక్కటి లేదు.

ఇరవై అయిదున విచారణ. రుజువు లేకపోతే ఉద్యోగం పోతుంది. తీసుకురండయ్యా కాగితం, చూస్తాను అన్నాడు మేనేజర్.

ఇంటికొచ్చాక మామయ్య ఒకటే మాట అన్నాడు. ఉన్నదాన్ని ఉందా లేదా అని రోజూ చదువుకుంటామట్రా అల్లుడూ.

ఆగస్టు 18

మంచమే ఉంటే ఆయన నలభై నిమిషాలూ సుఖంగా పడుకునేవాడు. నేను ఆయన వీపు కింద నుంచి మంచం లాగేసి, గోడకి అద్దం తగిలించాను.

కరపత్రాలు టూల్‌బాక్స్ అడుగున పెట్టేశాను. చింపలేదు.

ఆగస్టు 20

కంపెనీ నుంచి జవాబు. నా తొమ్మిదో ఉత్తరానికి లొంగారు. ప్యానెల్, అంటే తెర మొత్తం, ఉచితంగా మారుస్తారట. ఇరవై నాలుగున మధ్యాహ్నం మూడు గంటలకి మనిషి వచ్చి పాతది విప్పి పట్టుకుపోతాడు. మేనేజర్ నన్ను పిలిచి భుజం తట్టాడు. పట్టుదల ఉన్నవాడివయ్యా అన్నాడు. ఆ భుజం సబ్బుతో కడుక్కున్నాను.

ఆగస్టు 23, మధ్యాహ్నం 1:15

వరసగా రాయాలి.

పొద్దున కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తెర నిండా బూడిద రంగు పెట్టి, మచ్చ ఎంత ఉందో చూసి చెప్పమన్నారు. పెట్టాను. కిటికీల మెరుపులో ఏమీ కనబడలేదు. ఛీ వెధవ టీవీ అని గట్టిగా అన్నాను. అక్క డ్యూటీ దిగి వచ్చింది. అస్తమానం దాన్ని తిట్టకపోతే ఓ దుప్పటి కట్టొచ్చు కదా తమ్ముడూ అంది. ట్రిప్పుకి వెళ్లినవాళ్లు వదిలిపెట్టిన సంచుల్లోంచి దుప్పట్లు తీసి మూడు కిటికీలకీ కట్టింది. తలుపు మూసింది.

బూడిద తెర మీద చార్ట్ మొత్తం తేలింది. సన్నగా, నల్లగా. పేర్లున్న చోట అలుక్కుపోయి ఉంది, పేర్లు రోజూ మారతాయి కదా. కానీ మారనివన్నీ చెక్కినట్టున్నాయి. రూటు నంబర్లు. బయల్దేరు సమయాలు. ఆఖరి నిలువు వరసలో పైన, సున్నాతో సహా, విశ్రాంతి. దాని కింద నలభై. దాని కింద నలభై. వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు నలభైలు.

వారం రోజులుగా ఉన్న పదికి ఇంకా జాడే పడలేదు.

అక్క తెర దగ్గరికి వచ్చి, ఆ మాట పైకే చదివింది. తర్వాత నెమ్మదిగా అంది. విశ్రాంతి లేకుండా పని చేసి చేసి, విశ్రాంతి అని రాసుకుని కూర్చుంది చూడు ఇది.

ఫోన్‌తో ఫోటో తీశాను. చారలు పడుతున్నాయి తప్ప అక్షరాలు రావడం లేదు. అయిదారు సార్లు తీశాను. అంతే. ఇది కళ్లతో చూడాల్సిందే.

రేపు మూడింటికి ఆ మనిషి వస్తాడు. నేను పిలిచిన మనిషి. తొమ్మిది ఉత్తరాలు రాసి, బతిమాలి, బెదిరించి, సాక్ష్యాన్ని పట్టుకుపొమ్మని నేను పిలుచుకున్న మనిషి.

సాయంత్రం 5

కంపెనీకి ఫోన్ చేశాను. ప్యానెల్ మార్చొద్దు అన్నాను. అవతలి ఆవిడ నా పేరు చూసి, తొమ్మిది ఉత్తరాలు రాసింది మీరేనా సార్ అంది. నేనే. మీకు అసలు ఏం కావాలి సార్ అంది. నిజమైన విసుగు. ఆవిడ కూడా పొద్దుటి నుంచీ కుర్చీ దిగి ఉండదు. రద్దు చెయ్యాలంటే మేనేజర్ సంతకం కావాలట.

మామయ్యకి చెప్పాను. నమ్మలేదు. తీసుకొచ్చి చూపించాను. చీకట్లో తెర ముందు నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూశాడు. తన రూటు మీద వేలు పెట్టాడు. సేల్స్‌మన్ మంచివాడురా అన్నాడు. తర్వాత మొదటిసారి నన్ను తిట్టాడు. మంచాలు అమ్మేసిన వెధవా అన్నాడు, నవ్వుతూనే. నాకు ఏడుపొచ్చింది.

తెరని మేం దాచలేం. అందరూ చూస్తే అది తెర కాదు, సాక్ష్యం. చూసినవాళ్లు చేతులెత్తి, చూశామని సంతకం పెడితే, రేపు ఏ మనిషి వచ్చి ఏది విప్పినా ఫరవాలేదు. మేనేజర్‌ని కూడా పిలుస్తాను. ఆయనకి ముందు వరస.

ఆగస్టు 24, ఉదయం 6:10

గోడకి అంటించింది. నాలుగేళ్ల తర్వాత ఈ డిపో గోడ మీద మొదటి కాగితం:

ఈ రోజు మధ్యాహ్నం సరిగ్గా రెండు గంటలకి, విశ్రాంతి గదిలో. దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, అందరూ. పెన్ను తెచ్చుకోండి. దుప్పట్లున్నవాళ్లు దుప్పట్లు తెండి, కిటికీలు మూయాలి. టీవీలో ఏ బొమ్మా రాదు. చూడటానికి రండి.

— ఓఎల్ఈడీ