యశోదమ్మకు వెండి కళ్ళు

సెప్టెంబరు 11, బుధవారం

వెండి కళ్ళు వచ్చాయి. కంసాలి గోపాలకృష్ణయ్య గారు పొట్లం విప్పి చూపించారు. ఒక్కొక్కటి నువ్వుగింజంత. పోలేరమ్మకి చేశా, అంకమ్మకి చేశా, పింగాణీ బొమ్మకి చేయడం ఇదే మొదలమ్మా, తుమ్మితే పోతాయి, జాగర్త అన్నారు. దారంతా గుప్పిట విప్పలేదు.

మా ఇంట్లో పింగాణీ బొమ్మలు చాలా ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో మొదలైన పిచ్చి. మాచర్లలోనో, క్రోసూరులోనో ఎక్కడ పాత మేడ పడగొట్టినా ఆ సామాను నరసరావుపేటలో మౌలాలీ కొట్టుకు చేరుతుంది. కుక్కపిల్లను ఎత్తుకున్న దొరసాని, చెయ్యి విరిగిన డాన్సు జంట, నీలిపువ్వుల జాడీ, అన్నీ అక్కడ కొన్నవే. వేలితో తట్టి చూసి, ఖంగుమంటేనే తీసుకుంటాను. దసరాకి కొలువు పెడతాను. మిగతా రోజులు షోకేసులో ఉంటాయి.

యశోదమ్మ ఒక్కతే దేవుడి గదిలో. జానెడు ఎత్తు. తెల్లని పింగాణీ, తల మీదుగా నీలం కొంగు, ఒళ్ళో పిల్లవాడు. చూసిన రోజే బొట్టు పెట్టాలనిపించింది.

పోయినేడు షుగర్ వల్ల మా ఆయన కుడి కంటి లోపల రక్తం చేరినప్పుడు ఆమె ముందే మొక్కుకున్నాను. చూపు వస్తే వెండి కళ్ళు పెడతానమ్మా అని. వచ్చింది. వాచీలు రిపేరు చేసే మనిషి. మళ్ళీ లేడీస్ వాచీల్లో స్క్రూలు కూడా బిగిస్తున్నారు. ఇప్పుడు ఎడమ కంటికి అదే జబ్బు. వచ్చే నెల నాలుగున గుంటూరులో ఆపరేషన్. మొదటి కంటి మొక్కు తీర్చకుండా రెండో కంటికి ఎలా వెళ్ళడం? ఎల్లుండి శుక్రవారం పెట్టేస్తాను.

సెప్టెంబరు 12, మధ్యాహ్నం 3

పక్కింటి విజయలక్ష్మి టీచర్ కరివేపాకు కోసం వచ్చింది. దేవుడి గది తలుపు తీసే ఉంది. అక్కడే ఆగిపోయింది. వదినా, మరియమాత మీ ఇంట్లో ఉందేంది అంది.

ఎవరు అన్నాను. ఆ నీలం ముసుగు చూడు, ఒళ్ళో బాల యేసుని చూడు, మా ఫిరంగిపురం చర్చిలో అచ్చం ఇట్టనే ఉంటది అంది. ఎగతాళి కాదు. బొమ్మ నుదుటి కుంకుమ చూసి కాస్త ఇబ్బంది పడింది. అంతలోనే కొంగు తల మీదకు లాక్కుని సిలువ గుర్తు వేసుకుంది. కరివేపాకు మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళు నేను ఎవరికి పాలు నైవేద్యం పెట్టాను?

సెప్టెంబరు 13, శుక్రవారం

పెట్టలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

చెల్లెలి కూతురు భవ్య వచ్చింది. బీటెక్. ఫోటో తీస్తే ఫోనే చెప్పుద్ది పెద్దమ్మా, నువ్వు బుర్ర పాడుచేసుకోబాకు అంది.

ముందు నుంచి తీస్తే చైనా వాళ్ళ దేవత అని వచ్చింది. పిల్లల్ని ఇచ్చే తల్లి అట. పక్క నుంచి తీస్తే జర్మనీలో చేసిన మరియమాత. వెనక నుంచి తీస్తే టేబుల్ ల్యాంపు. అచ్చం ఇలాంటి బొమ్మే, నెత్తి మీద బల్బు. భవ్య పడీ పడీ నవ్వింది. కింద చిల్లు చూడు, వైరు అందులోంచే అంది. ఆ చిల్లు నాకు తెలుసు. కాల్చేటప్పుడు ఆవిరి పోవడానికి అని మౌలాలీ చెప్పాడు.

కళ్ళు మాత్రం అతికించబాకు, యాంటిక్ పాడైపోద్ది, అట్టాంటివి చేత్తో ముట్టుకోను కూడా ముట్టుకోరు అంది. నేను రోజూ ముట్టుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం దీపం పెట్టాను. ఏ పేరుతో పిలవాలో తోచలేదు. ఊరికే అమ్మా అన్నాను.

సెప్టెంబరు 17, మంగళవారం

మౌలాలీ కొట్టుకు వెళ్ళాను. నిజం చెప్పు తమ్ముడూ, ఆమె ఎవరు అన్నాను. మీరే యశోదమ్మ అన్నారు గదక్కా, కాదని చెప్పి బేరం పోగొట్టుకుంటానా అన్నాడు.

నిజమే. ఆ రోజు ఆ మాట అన్నది నేనే.

ఎక్కడ దొరికిందని అడిగాను. గురజాల వైపు ఒక పాత బంగళాలో, గూట్లో, చుట్టల డబ్బా పక్కన ఉందన్నాడు. ఆ గూడు దేవుడి గదిలోదా, హాల్లోదా అన్నాను. అన్ని గదులూ పడగొట్టాకే నన్ను పిలిచారక్కా అన్నాడు. మీకంత ఇదిగా ఉంటే తిరిగి ఇచ్చెయ్యండి, హైదరాబాద్ పార్టీ ఒకాయన వీటికోసమే తిరుగుతున్నాడు, బదులుగా దుర్గి రాతి కృష్ణుణ్ణి తీసుకోండి, పిల్లనగ్రోవి చేతిలోనే ఉంది, ఇంక డౌటే ఉండదు అన్నాడు.

చూశాను. మంచి పనితనం. దండం పెట్టుకున్నాను. కానీ ఆయనకు నేనేమీ మొక్కుకోలేదు కదా.

లోపల మంచం మీద నుంచి వాళ్ళమ్మ హజ్రా బీ ఏందిరా గొడవ అంది. మా ఆయన కళ్ళ సంగతి చెప్పాను. మీ ఆయన పేరు చెప్పు బిడ్డా, దువా చేస్తా అంది. ఆయన పేరు నేను పలకను. మౌలాలీయే అందుకుని మస్తాన్‌రావు అని చెప్పాడు.

ఆయన కళ్ళ కోసం ఎవరు ఎవరిని అడుగుతున్నారో నాకు అంతా కలిసిపోయింది.

సెప్టెంబరు 19, గురువారం

పెద్దల పక్షాలు మొదలయ్యాయి. అమావాస్య దాటేదాకా మొక్కులు తీర్చకూడదు. మనసు కాస్త తేలికపడింది. అలా తేలికపడినందుకు భయంగా కూడా ఉంది.

సెప్టెంబరు 24, మంగళవారం

గుళ్ళో పూజారి గారిని అడిగాను, వేరే ఎవరి సంగతో అయినట్టు. ఎవరికి మొక్కితే వాళ్ళకే చెల్లించాలి, ఇందులో అడిగేదేముందమ్మా అన్నారు. ఎవరికి మొక్కామో తెలియకపోతే అన్నాను. హారతి పళ్ళెం కింద పెట్టి నన్ను చూశారు. ఇంతకీ విగ్రహం దేంతో చేసింది అన్నారు. పింగాణీ అన్నాను. రాయి, లోహం, కొయ్య, మట్టి, వీటికి చెప్పారు గానీ పింగాణీ సంగతి ఎక్కడా వినలేదే అన్నారు. హారతి పళ్ళెం మళ్ళీ తీసుకుని, అదీ కాల్చిన మట్టే కదా అన్నారు. తీర్థం గిన్నె అందుకుని, టీ కప్పూ అదే కదా మరి అన్నారు.

ఆయనకూ తేలలేదు. తీర్థం ఇచ్చారు.

సెప్టెంబరు 29, ఆదివారం

గుమ్మంలో నన్ను చూసి మా ఆయన ఎవరమ్మా అన్నారు. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూసుకుంటున్నారట. నల్లటి సాలెగూడు తప్ప ఏమీ లేదట.

అన్నం పెడుతూ అంతా చెప్పేశాను. మరియమాత, చైనా, టేబుల్ ల్యాంపు. ఆయనకు నవ్వాగలేదు. ఏమే, ఆపరేషన్ చేసింది డాక్టరు, ఆ వెండి కళ్ళేయో ఆయనకే అతికిద్దాం పదా అన్నారు. నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆయనా ఆపేశారు. సరే, నువ్వు ఎట్ట అంటే అట్టనే అన్నారు. నేను ఎట్ట అంటానో నాకు తెలిస్తే కదా.

ఇక మిగిలింది మూడో తేదీ ఒక్కటే. పాడ్యమి. మర్నాడే ఆపరేషన్.

అక్టోబరు 3, గురువారం

కలశం పెట్టాను. కొలువు మెట్ల మీద దొరసానిని, డాన్సు జంటను, జాడీని సర్దాను. యశోదమ్మను, ఆ పేరే రాస్తున్నాను, చేతికి అదే అలవాటు, పీట మీదకు దింపాను.

అగ్గిపుల్ల కొసతో ఒక కన్ను ఎత్తి ఆమె మొహం దాకా తీసుకెళ్ళాను. ఆమె కళ్ళు తెరిచి లేవు. రెప్పలు వాల్చి ఒళ్ళోని పిల్లవాణ్ణి చూస్తోంది. రోజూ బొట్టు పెట్టే నాకు అది ఎన్నడూ తట్టలేదు. వీటిని అతికిస్తే ఇక నా వంకే చూస్తుంది. పిల్లవాణ్ణి ఎవరు చూస్తారు? చెయ్యి వెనక్కి లాక్కున్నాను. కన్ను జారి కలశం కింద బియ్యంలో పడింది.

నా కేక విని ఆయన వచ్చారు. నువ్వు కదలబాకు అని, చిమటా తెచ్చుకుని, వాచీల భూతద్దం కుడి కంటికి బిగించుకున్నారు. ఒక్కో బియ్యపు గింజనూ పక్కకు జరుపుతూ కన్ను పట్టుకున్నారు. వాచీ అద్దాలు అతికించే గమ్ము దాని వెనక రాసి, ఎవరికి పెట్టమంటావే అన్నారు.

పిల్లవాడి మొహం చూశాను. అక్కడ కళ్ళు లేవు. కొన్నప్పుడు రెండు నీలం చుక్కలుండేవి. తడిగుడ్డకు చెరిగిపోయినట్టున్నాయి. వేలు పెట్టి చూపించాను.

వీడెవడో తెలుసా నీకు అన్నారు. తెలియదన్నాను. నాకూ తెలవదు, సరిపోయింది అని పెట్టేశారు. రెండోది కూడా. చెయ్యి ఇంత కూడా వణకలేదు.

అడిగింది తల్లిని. ఇచ్చింది బిడ్డకు. చెల్లిందో లేదో.

అక్టోబరు 6, ఆదివారం

గుంటూరు నుంచి వచ్చాం. కట్టు తీసేశారు. కంట్లో గాలి నింపారట. రెండు వారాలు తల దించుకునే ఉండాలట. చూపు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఆయన దేవుడి గదిలో పీట వేసుకుని, ఆమె లాగే తల వంచుకుని కూర్చున్నారు. కాసేపటికి, ఏమే, వీడు నన్నే చూస్తన్నాడు అన్నారు.

ఏ కంటికి కనిపించాడని అడగబోయి ఊరుకున్నాను.