కోపిష్టి దేవుడు కావలెను

బేపోసో,
శుక్రవారం.

కుమాసి లారీ అడ్డాలో బొమ్మలు వేసే చిరంజీవి క్వకు టవియాకు బేపోసో చర్చి పెద్ద ఎబెనెజర్ బోఅహెన్ ఆశీర్వదించి రాయునది.

మా చర్చిలో పాస్టరు నిలబడే చోట వెనక గోడ బోసిగా ఉంది. అక్కడ పెట్టడానికి చెక్కపలక మీద దేవుడి బొమ్మ కావాలి. దేవుడంటే రాజు. కనుక రాచపీట మీద కూర్చోవాలి, పైన గొడుగు, చేతిలో కత్తి ఉండాలి. ముఖ్యంగా మొహం చిటపటలాడుతూ ఉండాలి. చూడగానే వెనక బెంచీ వణకాలి. పెళ్ళికాకుండా తల్లులైన పిల్లలు మా దగ్గర వెనక బెంచీలోనే కూర్చోవాలి, వాళ్ళ బిడ్డలకు బాప్తిస్మం లేదు. ఆ నియమం మా నాన్న పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఎత్తేద్దామని కొందరు బయల్దేరారు. ఈస్టరునాడు చేతులెత్తి తేల్చుకుంటాం. బొమ్మ అంతకుముందే రావాలి.

ఇట్లు,
బోఅహెన్.

తా.క.: ఆ వెనక బెంచీలో మా అమ్మాయి అఫ్రా కూడా ఉంది. అయినా నియమం నియమమే. ఎవరో చెబితే వినేకంటే నేను చెప్పడమే మేలు.

* * *

కుమాసి,
బుధవారం.

పెద్దయ్య బోఅహెన్ గారికి టవియా దండాలు.

నేను లారీల వెనక సింహాలూ డేగలూ వేసుకునేవాణ్ణి. దేవుణ్ణి చూసి ఎరగను. కోపంగా ఉన్న మనిషి ఫోటో ఒకటి పంపితే చూసి వేస్తాను. ఇంకో సందేహం. రాజు ఎవరితోనూ నేరుగా మాట్లాడడు కదా. పక్కన బంగారు కర్ర పట్టుకుని ఆయన మాట చెప్పేవాడు ఉండాలి. అతను లేకుండా రాజును వేస్తే ఇక్కడి డ్రైవర్లు కూడా నవ్వుతారు. ఆ స్థానంలో ఎవర్ని వెయ్యమంటారు?

తమ విధేయుడు,
టవియా.

తా.క.: మీ ఊరి మంత్రసాని ఫోసువా గారు కూడా ఉత్తరం రాశారు. దేవుడు కుండ ముందు కూర్చుని అందరికీ పల్లీల పులుసు వడ్డిస్తూ ఉండాలట. గరిటె పెద్దదిగా వెయ్యమని రెండుసార్లు రాశారు.

* * *

బేపోసో,
ఆదివారం, చర్చి అయ్యాక.

టవియాకు ఆశీస్సులు.

గరిటా! దేవుడి చేతికి గరిటె ఇస్తే ఏమవుతుందో తెలుసా? ఉత్తరాది నుంచి కోకో తోటల్లో పనికొచ్చినవాళ్ళ పిల్లలకు కూడా బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టమంటారు. ఇప్పటికే అంటున్నారు. ఆ ఫోసువా ఊరి కమిటీ ఎన్నికలో కూడా నిలబడింది. మా తరఫున రిటైరైన సార్జెంటు ఉన్నాడు. బళ్ళో బెత్తం, బజారులో బెత్తం, ఇదీ ఆయన మాట. దెబ్బకు దెయ్యం వదులుతుంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. దేవుడైనా అంతే.

మాట చెప్పేవాడు ఎవరని అడుగుతావా? ముప్ఫై ఏళ్ళుగా ఈ ఊరికి దేవుడి మాట చెబుతున్నది నేనే. ఇక కోపమంటావా, అదీ నా మొహమే. ఫోటో ఒక్కటే పంపుతున్నాను, ఇద్దరికీ సరిపోతుంది.

ఇట్లు,
బోఅహెన్.

తా.క.: కళ్ళజోడు కనిపించడం లేదు. పెట్టెలో చేతికందిన ఫోటో పెట్టాను. అన్నింట్లోనూ ఒకే మొహం కనుక ఫర్వాలేదు.

* * *

కుమాసి,
మంగళవారం.

పెద్దయ్య గారికి దండాలు.

ఫోటో చూసి ఆశ్చర్యపోయాను. ఉన్నదున్నట్టు దించాను. మా ఆవిడ చూసి కంటతడి పెట్టుకుంది. పక్క షెడ్డు మెకానిక్కులు పని ఆపి వచ్చి చూశారు. అందులో ఒకడు ఆరేళ్ళ కిందట మానేసిన చర్చికి మళ్ళీ వెళ్ళాడు. బొమ్మకు ముసుగు కట్టి లారీ మీద పంపుతున్నాను.

తమ విధేయుడు,
టవియా.

తా.క.: ఫోటోలో ఇద్దరున్నారు కనుక రెండోవారిని మాట చెప్పేవారిగా వేశాను. బంగారు కర్ర కూడా వారికే ఇచ్చాను.

* * *

బేపోసో,
గుడ్‌ఫ్రైడే.

టవియాకు ఆశీస్సులు.

మీ ఆవిడ ఏడ్చిందా? భేష్! భయమంటే అలా ఉండాలి. బొమ్మ వచ్చింది. ముసుగు ఆదివారం దాకా తియ్యను. ఆ రెండోవారు మా సార్జెంటే అయ్యుంటాడు. ఆయన కర్ర పట్టుకుంటే ఇంకా మంచిది.

ఇట్లు,
బోఅహెన్.

తా.క.: బొమ్మ ఎత్తుకొచ్చిన ఇద్దరూ ముసుగు సందులోంచి చూసి కిసుక్కుమన్నారు. వాళ్ళకు భయభక్తులు లేవు.

* * *

బేపోసో,
ఈస్టరు వెళ్ళిన గురువారం.

ఓరి టవియా!

నీకు ఆశీస్సులు లేవు. నిండు చర్చిలో ముసుగు లాగాను. రాచపీట ఉంది, గొడుగు ఉంది. మధ్యలో దేవుడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ పళ్ళు నావి. భుజం మీద ఏడాది పిల్ల ఒక చేత్తో దేవుడి చెవి లాగుతోంది, రెండో చేత్తో బంగారు కర్ర కొరుకుతోంది. అది మా అఫ్రా కూతురు అడ్వోవా. ఉల్లిపాయలు కొనే వంక పెట్టి ప్రతి గురువారం నేను ఎక్కడికి వెళ్తున్నానో ఊరంతటికీ తెలిసిపోయింది. కంచే చేను మేసిందన్నాడు సార్జెంటు.

ఒక్కరూ వణకలేదు. ఫోసువా తలగుడ్డ కొంగుతో నోరు మూసుకుంది. అంతలో వెనక బెంచీ నుంచి అడ్వోవా తప్పటడుగులు వేసుకుంటూ వచ్చేసింది. బొమ్మను చూసింది, నన్ను చూసింది, వచ్చి నా కుడిచేతి వేలు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే పాస్టరు, "నియమం ఉండాలన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు. అందరికంటే ముందు లేవాల్సిన చెయ్యి అది. ఎడమచెయ్యి ఖాళీగానే ఉంది కాని, పెద్దల ముందే ఎడమచెయ్యి ఎత్తం, దేవుడి ముందు ఎత్తుతామా? నేను ఎత్తకపోయేసరికి నా మాట మీద నడిచే పద్దెనిమిది మందీ ఎత్తలేదు. సార్జెంటు ఒక్కడే ఎత్తాడు.

పిల్లకు వచ్చే ఆదివారం బాప్తిస్మం. అఫ్రా ముందు బెంచీలో నా పక్కన కూర్చుంటుంది. సంతోషంగా ఉందని రాయడానికి సిగ్గేస్తోంది కాని, ఉంది. నిన్న కమిటీ ఎన్నికలో ఫోసువా గెలిచింది. దేవుడే నవ్వుతుంటే మనకు బెత్తం ఎందుకన్నారట జనం. ఇదంతా నీ నిర్వాకమే.

ఇట్లు,
బోఅహెన్.

తా.క.: కత్తి ఉండాల్సిన చేత్తో దేవుడు పిల్ల కాలు పట్టుకున్నాడు. రెండో చెయ్యి ఖాళీ. వీలు చూసుకుని వచ్చి దానికొక గరిటె పెట్టు. మరీ పెద్దది వద్దు.

మరో తా.క.: కళ్ళజోడు పోలేదు. ఆ రోజు ఫోటోలన్నీ ముందు పరుచుకుని కూర్చున్నప్పుడు నా ముక్కు మీదే ఉంది. ఈ ముక్క చదివి చించెయ్.