మగాళ్ళ జబ్బనుకున్నాను

చి.సౌ. అమ్మాయిని దీవించి నాన్న రాయునది. అక్కడ నువ్వు, అల్లుడు, పిల్లది కులాసా అని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. అందరికంటే కాస్త తక్కువ క్షేమం నేను. అది కింద రాస్తాను, కంగారుపడకు.

అమ్మ మోకాలెలా ఉందన్నావు. మోకాలు నయం, నోరు ఎప్పుడూ నయమే. వడ్రంగి కొట్టులో పని బాగానే ఉంది. మొన్న ఒకాయన మంచం కిర్రుమంటోందని పిలిచాడు. చూస్తే మంచం గట్టిగానే ఉంది, ఆయనే లావయ్యాడు. ఆ మాట మొహానే చెప్పాను. అమ్మ తిట్టింది.

తమ్ముడు పరీక్షకి రక్తమెందుకిచ్చాడు, నా దగ్గరేం దాస్తున్నారు అని రాశావు. ఫోన్లో చెప్పడానికి నోరు రాలేదు. వేరేవాళ్ళ చేత రాయించే సంగతీ కాదు. అందుకే ఈ కోడిగీతలు.

నాకు ప్రోస్టేటు క్యాన్సరు. మూత్రం సంచి కింద ఉండే గ్రంథిలో. ఏడవకు. నత్తలాంటిదట, కదిలీ కదలదు. డాక్టరమ్మ ఇప్పుడే కోయనంది. కొన్ని నెలలకోసారి రక్తం చూస్తూ కాపలా కాద్దామంది. నాకు మండింది.

"ముసలాడినని వదిలేస్తున్నావా?" అన్నాను.

"ముల్లు గుచ్చుకుంటుందేమోనని కాలు తీయించుకుంటారా పెద్దాయనా? ఊరికే కోస్తే మూత్రం ఆపుకోలేక నన్నే తిడతారు."

సరేనని కాపలాకి ఒప్పుకున్నాను.

తర్వాత మా నాన్న ఎలా పోయాడు, మేనత్త ఎలా పోయిందని తవ్వి తవ్వి అడిగి, నా రక్తం ఇంకో పరీక్షకి పంపింది. పుట్టుకతో వచ్చిన జన్యులోపం ఒకటి దొరికింది, కన్నవాళ్ళ నుంచి పిల్లలకి దిగేదట. అందుకని నా కాపలా ఇంకా గట్టిదైంది. "పిల్లలకి చెప్పండి" అంది. మగాళ్ళ జబ్బు కదా అని తమ్ముడికి చెప్పి చేతులు దులుపుకున్నాను. వాడు రక్తమిస్తే ఆ లోపం లేదని తేలింది.

మొన్న వెళితే, "అమ్మాయి ఆ పరీక్ష చేయించుకుందా?" అంది.

"దానికెందుకమ్మా, దానికా గ్రంథే లేదుగా!"

ఆవిడ కలం కింద పెట్టేసింది. "మీ మేనత్త రొమ్ములో గడ్డతో పోయిందని మీరేగా చెప్పారు? ఈ లోపం ఉంటే ఆడవాళ్ళకి ఆ భయం ఎక్కువ. అబ్బాయికి లేదంటే అమ్మాయికీ లేదని కాదు. మీ పిల్లల్లో ఎవరికైనా సగానికి సగం అవకాశం."

ఇంటికి రాగానే కాగితం, కలం వెతుక్కున్నాను తల్లీ.

ఉందని తేలినా జబ్బు వచ్చినట్టు కాదట. ముందే కనిపెట్టుకుని ఉండొచ్చట. నేనెవరినీ బతిమాలి ఎరగను, మీ అమ్మనడుగు. నిన్ను బతిమాలుతున్నాను, వెళ్ళు. భయమైతే చెప్పు, వచ్చి పక్కన కూర్చుంటాను.

ఇన్నాళ్ళు చెప్పనందుకు తిట్టదలిస్తే తిట్టు. రక్తమిచ్చి వచ్చాక తిట్టు.

ఇట్లు,
తిట్లకి సిద్ధంగా ఉన్న
మీ నాన్న