దస్తర్‌ఖాన్ మీద ఉప్పు

ముసఫ్ఫా, అబుదాబి
20-10-2007

మామూ గారికి మీ మేనల్లుడు సనావుల్లా అస్సలాము అలైకుం చెప్పి రాసుకునేది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరు, నాజియా బాగుండాలని దువా చేస్తున్నాను. ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నానని ఏమీ అనుకోకండి. ఫోనులో మీకు వినపడదు. వినపడేలా అరిస్తే క్యాంపంతా వింటుంది. ఈ సంగతి క్యాంపు వినవలసింది కాదు.

పండగకు ముందు మా క్యాంపులోకి వియత్నాం దేశం వాళ్లు దిగారు. వెల్డింగు పనివాళ్లు, రెండు వందల మంది ఉంటారు. మెస్సులో వండేది నేనే కదా. మీరు నేర్పినట్టే పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడి కోడి పులావు, దాల్చా చేసిపెట్టాను. మొదటి రోజే వాళ్లు ఒక్క ముద్ద తిని, లేచి నా దగ్గరికి వచ్చి, నిమ్మకాయ ఇమ్మన్నారు, పచ్చిమిరపకాయ ఇమ్మన్నారు, చేపల ఉప్పునీళ్ల సీసా ఏదైనా ఉందా అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. 'తినేవాడు ఉప్పు అడిగినాడంటే వండినోడు గరిటె కింద పెట్టెయ్యాల' అని మీరు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. నిమ్మకాయ ఇవ్వలేదు సరికదా, బల్లల మీద అంతకు ముందు నుంచీ ఉన్న ఉప్పు డబ్బాలు కూడా తీసి లోపల పెట్టి తాళం వేశాను.

అప్పటి నుంచి పళ్లేలు నిండుగా తిరిగొస్తున్నాయి. మసాలా పెంచి చూశాను, తగ్గించి చూశాను, నెయ్యి కూడా వేసి చూశాను. మొన్న మా క్యాంపు మేనేజరు, ఇక్కడ ముదీర్ అంటారు, వచ్చి చెత్తడబ్బాలు చూసి, "సనావుల్లా, వీళ్లు తినకపోతే పని చెయ్యరు. ఈ ఏడు ఆఖరు దాకా చూస్తా. తర్వాత ఖలాస్. నీ వీసా క్యాన్సిల్" అన్నాడు.

వీసా పోతే వేసవి సెలవులో నాజియాతో అనుకున్న నికా ఏమవుతుందో, మీ ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలో తెలియడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. దారి చెప్పండి.

మీ గరిటె కింద పెరిగిన
సనావుల్లా

తా.క. వచ్చే శుక్రవారం సాయంత్రం తువాన్ అనే వియత్నాం మనిషితో పోతున్నాను. అతను జెండా పట్టుకుని ముందు నడుస్తాడు. మేం కొంతమందిమి వెనకాలే నడుస్తూ, వీధి వెంబడి పెట్టింది తింటాం.

*

కోటమిట్ట, నెల్లూరు
2-11-2007

సనావుల్లాకు షాహుల్ మేస్త్రీ దువాలు. చెప్పేది నేను, రాసేది నాజియా.

ఉప్పు డబ్బాలకు తాళం వేసి మంచి పని చేశావు. నలభై ఏళ్లుగా నేను వండిన ఏ పెళ్లిలోనూ భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ మీద ఉప్పు గిన్నె పెట్టలేదు, పెట్టనివ్వలేదు. వండినవాడి నాలుక మీద నమ్మకం లేనివాడు హోటలుకు పోవచ్చు. మొన్న అల్లీపురం వలీమా విందులో తిన్నవాళ్లు వేళ్లు నాక్కుంటూ లేచారు. ఒక్కరైనా ఉప్పు అడిగితే ఒట్టు.

కానీ నీ తా.క. విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. జెండా వెనక మనుషులు నడవడం నాకు తెలిసి రెండే రకాలు. ఒకటి దర్గా గంధం, రెండోది ధర్నా. గంధంలో ముందు నడక, ఆ తర్వాతే భోజనం. నువ్వు నడుస్తూనే తింటామని రాశావు కాబట్టి ఇది గంధం కాదు. దుబాయ్‌లో ధర్నా చేసినవాళ్లను పట్టుకుపోయి విమానం ఎక్కిస్తారని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. నీకు తెలియలేదా?

పోనీ ధర్నా కాదనుకుందాం. వంటవాడివై ఉండి వీధి వెంబడి ఎవరు ఏం పెడితే అది తింటున్నావంటే నీకు కడుపుకు లేదన్న మాట. మన ఇంట్లో ఎవరూ నడుస్తూ తినలేదు. నిలబడి తిన్నది మీ నాన్న ఒక్కడే, అది కూడా రైల్లో.

ఈ జెండా సంగతి తేలేదాకా నేను నికా మాట ఎత్తను.

నీ మేలు కోరే
షాహుల్

తా.క. ఇది నాజియా రాస్తున్నది. మీరు జైల్లో ఉన్నారనుకుని అబ్బాజాన్ మసీదులో దువా చేయించారు. అప్పటి నుంచి కోటమిట్ట అంతా పరామర్శకు వస్తోంది. జైలు నుంచి వచ్చేస్తే త్వరగా చెప్పండి. టీ పెట్టలేక చస్తున్నాను.

*

ముసఫ్ఫా
17-11-2007

మామూ గారికి సనావుల్లా సలాములు.

నేను జైల్లో లేను. ధర్నా చేయలేదు. పరామర్శకు వచ్చినవాళ్లందరికీ నా సలాములు, టీ తాగిన తర్వాతే చెప్పండి.

తువాన్ ఇక్కడ వెల్డరే. వాళ్ల ఊరు హనోయిలో మాత్రం, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను సాయంత్రంపూట సందుల వెంట తిప్పి, ఏ మూల ఏ తిండి బాగుంటుందో కూర్చోబెట్టి తినిపించి, దాని కథ చెప్పడం అతని పని. అది అక్కడ ఒక ఉద్యోగమట. ఇక్కడ శుక్రవారం గ్యారేజీలు మూస్తారు కదా, ఆ వెనక సందులో వియత్నాం వాళ్లు తలా ఒక వంటకం చేసుకొచ్చి పెడతారు. తువాన్‌కు పాత పని మీద మనసు పోలేదు. పసుపు రుమాలు ఒకటి కర్రకు కట్టుకుని, వెనకవాళ్లు తప్పిపోకుండా పైకెత్తి పట్టుకుని నడిచాడు. జెండా అంటే అదే. మేము మా స్టోర్ కీపర్‌తో కలిపి నలుగురం.

ఎక్కడా నడుస్తూ తినలేదు మామూ. బోర్లించిన పెయింటు డబ్బాల మీద కూర్చునే తిన్నాం. ముక్క హలాలేనా అని ముందే అడిగాను. కోడి మేం కొనే కొట్లోదే. ఆ సీసాలో ఉన్నది చేప, ఉప్పు, అంతే.

మొదట లాన్ అనే ఆమె దగ్గర ఆగాం. ఇక్కడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. కూర్చోగానే నా వయసెంత, పెళ్లయిందా అని అడిగింది. తనే తినే పుల్లలతో ముక్క తీసి నా గిన్నెలో పెట్టింది. బియ్యపు సేమ్యా మీద పొగలు కక్కే కోడి చారు పోసిచ్చింది. వాసన చూడగానే నాకు మీ పొయ్యి గుర్తొచ్చింది. దాల్చినచెక్క, అనాసపువ్వు, కాల్చిన అల్లం. అన్నీ మన దినుసులే. పక్కన ఒక పళ్లెం నిండా ఆకులు, నిమ్మ బద్దలు, మిరపకాయ ముక్కలు, ఆ చేప నీళ్లు.

నేను నిమ్మ బద్ద మీద చెయ్యి వేస్తే తువాన్ ఆపాడు. "పహలే ఖాలీ పియో భాయ్. ఆమె ఏం చేసిందో చూడు. బాద్ మే నీ ఇష్టం" అన్నాడు. మొదట చారు ఊరికే తాగాలట. తర్వాత ఎవరికి కావలసినట్టు వాళ్లు పులుపు, కారం, ఆకు కలుపుకోవాలట. "వండిన మనిషికి కోపం రాదా?" అన్నాను. తువాన్ లాన్‌ను అడిగాడు. ఆమె చాలాసేపు నవ్వి, ఏమీ కలుపుకోకుండా తిని లేచిపోతే బాధగా ఉంటుంది, తిండి మీద మనసు పెట్టలేదని తెలిసిపోతుంది అంది.

తర్వాత ఆపిన చోట పల్చటి బియ్యపు అప్పడంలో రొయ్యలు, ఆకులు పెట్టి ఎవరిది వాళ్లే చుట్టుకున్నాం. నాది విడిపోయి ఒళ్లో పడింది. ఆఖరున పెసరపప్పు, కొబ్బరిపాలు వేసిన పాయసం. అది తింటూ నాకు కళ్లనీళ్లు తిరిగాయి. వీళ్లు నా వంటను అవమానించలేదు మామూ. వాళ్ల మర్యాద వాళ్లు చేయబోతే నేను తాళం వేశాను.

మర్నాడు తాళం తీశాను. ప్రతి బల్ల మీద ఉప్పు, నిమ్మ, మిరప, కొత్తిమీర, పుదీనా పెట్టాను. అదే పులావు, అదే దాల్చా. పళ్లేలు ఖాళీగా వచ్చాయి. ముదీర్ చెత్తడబ్బా మూత ఎత్తి చూసి, మళ్లీ మూసి వెళ్లిపోయాడు. ఆయన మెచ్చుకోవడం అంతే ఉంటుంది.

మిమ్మల్ని అడగకుండా చేసినందుకు మాఫీ అడుగుతున్నాను. మీ అనుమతి కావాలి.

మీ
సనావుల్లా

తా.క. అక్కడ కాఫీ కూడా ఇచ్చారు. గ్లాసు మీద చిల్లుల డబ్బా పెట్టి చుక్క చుక్కగా దించుతారు. అది దిగేలోపల మన దగ్గరైతే పెళ్లి సంబంధం ఒకటి కుదిరిపోతుంది.

*

కోటమిట్ట
29-11-2007

సనావుల్లాకు షాహుల్ మేస్త్రీ రాయించేది.

నీ ఉత్తరం నాజియా చేత రెండుసార్లు చదివించుకున్నాను. మొదటిసారి చెవి సరిగా వినలేదేమో అనుకున్నాను. వినింది.

ఒక ఆడమనిషి నీ వయసు అడిగింది. పెళ్లయిందా అని అడిగింది. తన చేత్తో నీ గిన్నెలో ముక్క వేసింది. నువ్వు కళ్లనీళ్లు పెట్టుకున్నావు. పైగా కాఫీ దిగేలోపల సంబంధం కుదిరిపోతుందని నువ్వే రాశావు. కోటమిట్టలో దీన్ని పెళ్లిచూపులు అంటారు. ఆ రుమాలు పట్టుకున్నవాడిని పెళ్లిళ్ల పేరయ్య అంటారు.

అది కూడా సహించేవాణ్ణేమో. నువ్వు బల్ల మీద ఉప్పు పెట్టావు. ఎవరి శిష్యుడివని అక్కడ ఎవరైనా అడిగితే నా పేరు చెప్పకు. దస్తర్‌ఖాన్ మీద ఉప్పు పెట్టేవాడికి నేను పిల్లనివ్వను. ఈ మాట అనడానికి నాకు ఎంత కష్టంగా ఉందో అల్లాకు తెలుసు. నిన్ను కొడుకనే అనుకున్నాను.

ఇక ఉత్తరం రాయనవసరం లేదు.

షాహుల్

తా.క. నాజియా రాస్తున్నది. ఇది చెప్పేముందు అబ్బాజాన్ చేపల పులుసుతో అన్నం తిని, ఉప్పు సరిగ్గా సరిపోయిందని రెండుసార్లు మెచ్చుకున్నారు. ఇవాళ పులుసులో నేను ఉప్పు వేయడం మరిచిపోయాను. ఇంకొకటి. ఆ లాన్ ఎలా ఉంటుంది?

*

ముసఫ్ఫా
11-12-2007

మామూ గారికి సలాములు.

రాయవద్దన్నారు, అయినా రాస్తున్నాను. లాన్‌కు మనవళ్లు ముగ్గురు. వయసు ఎందుకు అడిగిందంటే, నన్ను తమ్ముడు అనాలో కొడుకు అనాలో తేల్చుకోవడానికి. మన దగ్గర మాత్రం వరస తెలియకుండా నోరు తెరుస్తామా? కొడుకనే తేల్చింది. పెళ్లయిందా అని అడిగితే, నెల్లూరులో ఒకమ్మాయి ఉంది, వేసవిలో అవుతుంది అని చెప్పాను.

ఉప్పు మాత్రం తీయలేను మామూ. తీస్తే రెండు వందల మంది పస్తుంటారు. వాళ్లు తింటుంటే చూశాను, ఇక తాళం వేయడానికి నాకు చెయ్యి రాదు. ఈ ఒక్క మాటలో మీ మాట కాదంటున్నాను. దీనివల్ల నాజియా నాకు దక్కకపోతే నేను బతికి చేసేదేమీ లేదు, అయినా కాదంటున్నాను.

మీ ఒంట్లో ఎలా ఉంది? జ్వరం ఏమైనా వచ్చిపోయిందా? మనసులో పెట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఎప్పటికీ మీ శిష్యుడే
సనావుల్లా

తా.క. తువాన్ ఇప్పుడు వాళ్లవాళ్లను వెంటేసుకుని రుమాలు పట్టుకుని మా మెస్సుకే వస్తున్నాడు. దాల్చా దగ్గర ఆగి ఏదో కథ చెబుతున్నాడు. అందులో మీ పేరు వినపడింది. నేను చెప్పలేదు, స్టోర్ కీపర్ చెప్పాడు.

*

కోటమిట్ట
3-1-2008

నాయనా సనావుల్లా,

దువాలు. ఇది నా చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో.

బక్రీదు అయినాక కోవూరులో ఒక పెళ్లికి వండాను. దాని సంగతి చెప్పే ముందు ఇంకొకటి చెప్పాలి. రెండేళ్ల కిందట నాకు విషజ్వరం వచ్చింది, అది పోతూ పోతూ నా నాలుక మీద ఉప్పును పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. నాజియా కనిపెట్టింది. అప్పటి నుంచి ప్రతి పెళ్లికీ టీ ఫ్లాస్కు తెచ్చినట్టు వచ్చి, గరిటె నుంచి రుచి చూసి, 'ఇంకో పిడికెడు' అని గుసగుసగా చెప్పి పోయేది. అల్లీపురంలో వేళ్లు నాక్కున్నది నా వంటకు కాదు, నా కూతురి నాలుకకు.

కోవూరుకు రమ్మంటే రానంది. "దస్తర్‌ఖాన్ మీద ఉప్పు పెట్టేటోడికి బిడ్డనియ్యనన్నావు. మరి ఉప్పు చూసే బిడ్డ నీకెందుకు?" అంది.  మొండికేసి ఒక్కడినే పోయాను, చేతికి తోచినంత వేశాను.

మొదటి వరస కూర్చుంది. పెద్దలందరూ ఒక్క ముద్ద తిని ఆగిపోయారు. ఒక్కరూ ఉప్పు అడగలేదు. షాహుల్ మేస్త్రీని ఉప్పు అడుగుతారా ఎవరైనా? నా మర్యాద కాపాడటానికి ఆకలితో లేచిపోవడానికి సిద్ధమయ్యారు. పళ్లేలు నిండుగా ఉన్నాయి. నువ్వు మొదటి ఉత్తరంలో రాసింది నా కళ్ల ముందు జరుగుతోంది.

ఒక గిన్నెలో ఉప్పు, ఇంకో గిన్నెలో నిమ్మ బద్దలు పోసుకుని వరస మొదట్లోకి పోయాను.  ఒక్కొక్కరి ముందూ వంగి, "బాబూ, ఇయ్యాల మీరే సరిపెట్టుకోండి" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. కలుపుకున్నారు, తిన్నారు. రెండో వరసలో వాళ్లే "మేస్త్రీ, ఆ గిన్నె ఇట్టా పంపియ్యి" అన్నారు. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. తీరా చూస్తే నాకు ఆకలి వేసింది. వాళ్ల పక్కనే కూర్చుని తిన్నాను. నేను వండిన పెళ్లి వంట నేనే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తినడం అదే మొదలు.

నువ్వు చేసింది సరే. నికా మే నెలలోనే. అయితే నువ్వు మేస్త్రీ కూతుర్ని చేసుకుంటున్నాననుకోకు, మేస్త్రీనే చేసుకుంటున్నావు. ఇకనుంచి వంటలో సందేహం వస్తే ఆమెకే రాయి.

దువాలతో
మీ మామూ

తా.క. నాజియా కింద రెండు మాటలు రాసి కవరు తనే అంటిస్తానంటోంది. నేను చూడను.

నాజియా రాస్తున్నది. అబ్బాజాన్ రాసినవన్నీ నిజమే, ఒక్కటి తప్ప. కోవూరుకు నేను వెళ్లాను. డేగిశాల కింద నిప్పు లాగుతున్నప్పుడు పందిరి వెనక నుంచి చెయ్యి పెట్టి ఒక మెతుకు నోట్లో వేసుకున్నాను. ఉప్పు లేదు. చెప్పడానికి టైము కూడా ఉంది. చెప్పలేదు. ఆయన గిన్నె పట్టుకుని వరస వెంట వంగుతుంటే చూడలేక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను, అయినా చెప్పలేదు. ఇది ఆయనకు ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో నాకు తెలియడం లేదు. ఒక్కదాన్నే మోయలేకుండా ఉన్నాను. త్వరగా రండి.