మా క్యాండిడేటుకు హారతి

1978, ఆదివారం రాత్రి

ఇయ్యాల మాదన్నపేట పార్టీ ఆఫీసుల కొత్త క్యాండిడేటుకు హారతి ఇయ్యమని మా లీడర్ యాదగిరన్న నన్ను పిలిచిండు. పళ్లెం పట్టుకొని బయటికొస్తే, జీపుల కెళ్లి దిగింది రేషన్ దుకాణం మాణిక్యం! కిరోసిన్ బ్లాకుల అమ్ముతుండని పోయిన ఎండకాలం ఆయన దుకాణం ముంగట ధర్నాకు కూసున్నది మేమే. ఆ లొల్లిల లాఠీ దెబ్బకు యాదగిరన్న చెయ్యి విరిగింది.

నాకు కోపం కంటె ముందు ఆశ్చర్యమైంది. మాణిక్యాన్నే అడిగిన.

"మా పార్టీల నీకేం నచ్చింది భాయ్?"

ఆయన నవ్విండు. "నాల మీ పార్టీకి ఏం నచ్చిందో అడుగు అక్కా. నా ఇంటికొచ్చి పిలిచింది మీవోళ్లే."

యాదగిరన్నను పక్కకు పిలిచి గదే అడిగిన.

"ఒక్కసారన్న గెలవాలె గదా చెల్లె. గెలిచినంక అన్నీ సక్కగ చేసుకుందాం" అన్నడు. ఆ మాట అంటున్నంతసేపు, సరిగ్గ అతకని ఆ చెయ్యిని రుద్దుకుంటనే ఉన్నడు.

నేను హారతి ఇయ్యలే. పళ్లెం బల్లమీద పెట్టి వచ్చిన. ఇంకెవరో తీసుకున్నట్టున్నరు, గల్లీ దాంక చప్పట్లు వినబడ్డయి.

"మరి ఓటెవరికి ఏస్తవ్?" అని ఇంటికొచ్చినంక మా ఆయన అడిగిండు. ఇన్నేండ్లు ఆలోచించకుండనే మా పార్టీకి ఏసిన. అవతలి పార్టీవోళ్లు ఏం చెప్తరో ఒక్కనాడు వినలే. రేపు సంతోష్‌నగర్ల వాళ్ల మీటింగ్ ఉన్నదంట. పోయి వింట. దొంగతనంగ ఎందుకు, యాదగిరన్నను గూడ రమ్మని అడుగుత.

వస్తడా?