సబ్బుతో పోని మంట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ ఫోటో ముందు దీపం పెట్టానన్నమాటే గానీ కాలు నిలవడం లేదు.

మిరపకాయలు కొనే విదేశీ కంపెనీ మన బడికి గది కట్టించి, ‘బాలకార్మికులు లేని ఊరు’ అని గోడ మీద రాయించింది. నిన్న దాన్ని తెరవడానికి వాళ్ల పెద్దసారు వచ్చాడు. పూలగుత్తి ఇవ్వడానికి నాలుగో తరగతి నస్రీన్‌ను నిలబెట్టారు. పొద్దున్నే ఆ కంపెనీకి సరుకిచ్చే కల్లంలో మిరప తొడిమలు తీసొచ్చిన పిల్ల. పిల్లల్ని పనికి పెట్టే కల్లం మేస్త్రే సబ్బుతో దాని చేతులు కడిగించాడు. సబ్బుతో ఆ మంట పోదని, నూనె రుద్దాలని చిన్నప్పుడు నువ్వే నాకు చెప్పావు.

సారు దాని చెయ్యి పట్టుకుని ఊపి, అదే చేత్తో కంట్లో పడిన చెమట తుడుచుకున్నాడు. ఇక బొటబొటా నీళ్లు! వంటగది గుమ్మంలో ఉన్న నా దగ్గరికొచ్చి మేస్త్రి, “నోరు విప్పావంటే నీ బడి వంటపని ఊడుద్ది” అన్నాడు.

పిల్లల్ని చూసి సారు కన్నీళ్లు పెట్టుకున్నారని ఇవాళ పేపర్లో ఫోటో వేశారు.

ఇందాక నస్రీన్ కల్లం నుంచి నూనె కోసం వచ్చింది. “అత్తా, ఆ సారు మంచోడంట! నన్ను చూసి ఏడ్చాడంట!” అంది సంబరంగా.

దాని చేతులకు నూనె రుద్దాను. చెప్పులేసుకున్నాను. పేపరు పట్టుకుని హెడ్మాస్టర్ గారింటికి వెళుతున్నానక్కా. వంటపని పోతే పోనీ.